చివర రెండు ఎఫ్‌లు లేవు

సి.ఐ. రాజ్‌కుమార్ అన్నం తిన్న చేత్తోనే అబద్ధం రాస్తాడు. ఈ మాట ఈదన్న పదకొండేళ్లుగా అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతూనే ఉన్నాడు. పదకొండేళ్ల కింద రాజ్‌కుమార్ ఎస్సై, ఈదన్న ఆయన కింద హోంగార్డు. పత్తి విత్తనాల గోడౌన్‌లో పడ్డ దొంగను మూడు రోజులు తిండి మానేసి వెంటాడి పట్టుకున్నది ఈదన్న. పేపర్లో ఫొటో పడ్డది రాజ్‌కుమార్‌ది. అంతటితో ఊరుకున్నా ఈదన్న మరిచిపోయేవాడేమో. ‘పట్టుకున్నది నేను’ అని చాయ్ హోటల్లో ఒక్క మాట అన్నందుకు, డ్యూటీలో తాగి పడిపోయాడని పైకి కాగితం రాసి ఉద్యోగం ఊడగొట్టాడు. కల్లు వాసన తగిలితేనే వాంతి చేసుకునే మనిషి మీద తాగుబోతని ముద్ర!

అప్పటినుంచి వనపర్తి బస్టాండు వెనక ఒక ఇరుకు గది, దాని మీద ‘ఈదన్న ప్రైవేటు విచారణలు’ అని ఒక రేకు బోర్డు. పెళ్లికొడుకుల గుట్లు, ఇన్సూరెన్సు కంపెనీల అనుమానాలు, తప్పిపోయిన గొర్రెల మందలు. ఏడో తరగతితో బడి మానేసినా, ఒకసారి చూసినదాన్ని ఆయన కన్ను వదలదు.

ఆ బుధవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఈదన్న గద్వాల పోలీసు స్టేషన్ మెట్లెక్కాడు. అంతకు గంటన్నర ముందు నర్సు ఎస్తేరు ఫోన్ చేసింది. ఆమె చెల్లెలికి వచ్చిన ఒక సంబంధం వెనక అప్పటికే ఒక పెళ్లాం ఉందని తవ్వి తీసినవాడు ఈదన్నే. “అన్నా, పోలీసులు వాకిట్ల నిలవడ్డరు. జగన్‌ను నేనే సంపిన అంటున్రు” అని మాత్రం చెప్పగలిగింది. ఫోన్ కట్టయింది.

లోపల ఒకే బల్ల మీద రెండు కొసల ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఈ కొసన తెల్ల కోటుతోనే ఎస్తేరు, ముప్పయ్యెనిమిదేళ్ల మనిషి, వెన్ను నిటారుగా ఉంది. ఆ కొసన నిన్న తెల్లవారుజామున చనిపోయిన నేతగాడు జగన్ భార్య మంజుల. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. మధ్యలో ముగ్గురు కూర్చునేంత ఖాళీ.

“వచ్చిండ్రా మన సీఐడీ!” అన్నాడు రాజ్‌కుమార్, కుర్చీలోంచి లేవకుండానే. “ఏం ఈదన్నా, నాగర్‌కర్నూల్ దిక్కు మేకలు పోయినయంట. గవి పట్టుకోరాదు?”

“మేకలు దొరికినయి సార్. ఫొటో దిగెటందుకు మీరు లేరని ఆపిన్రు.”

కానిస్టేబుల్ ఒకడు నవ్వబోయి దగ్గాడు. రాజ్‌కుమార్ మెడ ఎర్రబడింది.

“కేసు సీదా ఉన్నది. ఈ ఊరి నర్సింగ్ హోంల జగన్ తుంటి మీద కొవ్వుగడ్డ కోసిన్రు. ఆరు దినాలల్ల మనిషి పోయిండు. ఎవరి వల్ల పోయిండో ల్యాబోళ్లే చెప్పిన్రు, రెసిడెంట్ స్టాఫ్ వల్ల అని. రెసిడెంట్ అంటే ఆడనే కాపురం ఉండేటోళ్లు. ఆ నర్సింగ్ హోం వెనక రూముల ఉండేది ఈమె ఒక్కతే. సాయంత్రం ఐదింటికి మెజిస్ట్రేట్ ముంగట పెడుతున్న. నువ్వు బస్సెక్కి వనపర్తి పో.”

“ఐదింటి దాంక టైముంది కద సార్. పది నిమిషాలు మాట్లాడి పోత.”

“మాట్లాడు. ఏడో తరగతి బుర్రతోని ఏం తేలుస్తవో నేను గూడ జూస్త.”

ఈదన్న ఆ దెబ్బను పక్కన పెట్టాడు. ఎస్తేరు ముందు చతికిలబడి కూర్చుని జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు.

“తారీఖులొద్దు చెల్లె. వారాలు చెప్పు, గంటలు చెప్పు.”

“పోయిన బుధవారం పన్నెండింటికి ఆపరేషన్” అంది ఎస్తేరు. “మగ్గం గుంటల కూసుంటే పలక ఒరుసుకుంటున్నదని తీయించుకున్నడు. ఆరు కుట్లు. గురువారం పొద్దుమీకంగ జరం. శుక్రవారం కట్టు విప్పితే చీము. గంట గంటకు ఎరుపు పాకుతున్నది. నాలుగింటికి చీము తీసి, డబ్బీల పెట్టి, బస్సు పార్సల్ల వనపర్తి ల్యాబుకు పంపిన.”

“డాక్టర్ పంపమన్నడా?”

“అనలే. నేనే పంపిన. ‘నువ్వు నర్సువా, డాక్టరువా?’ అని మేనేజర్ వినయ్ సార్ అందరి ముంగట తిట్టిండు.”

“తర్వాత?”

“శనివారం మధ్యాన్నం డాక్టర్ హైదరాబాదు పోయిండు. తిరిగి వచ్చింది సోమవారం రాత్రి పదింటికి. మంగళవారం తెల్లారి నాలుగున్నరకు జగన్ పోయిండు.”

“నడుమ రెండున్నర దినాలు ఎవరు చూసిన్రు?”

“డాక్టరా? ఎవ్వరు లేరు. నేను, ఒకటే సూది. పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి. కర్నూలుకు పంపుదాం సార్ అని వినయ్ సార్‌కు మూడుసార్లు చెప్పిన. డాక్టర్ రానియ్యి అన్నడు. రిపోర్టు వచ్చిందా అంటే రాలే అన్నడు.” ఆమె చూపు సి.ఐ. మేజా మీది కాగితాల వైపు తిరిగింది. “తప్పు ఒప్పుకున్న అని రాసుకొచ్చి సంతకం పెట్టమంటున్రు. చేతులు నరికినా పెట్ట.”

అప్పటిదాకా గోడ వైపు చూస్తున్న మంజుల ఒక్కసారిగా లేచింది.

“దానితోని నీకేం మాటలు సారూ! నా మొగన్ని మింగి, మళ్ల నోరు చూడు! కట్టు ముట్టొద్దు, మంచం మీద కూసోవద్దు అని మమ్మల్ని అదిలిచ్చింది గిదే. ఎవలను రానియ్యక లోపల ఏం జేసిందో!”

ఈదన్న లేచి నిలబడ్డాడు. ఆ బాధకు ఎదురు మాట్లాడటం ఆయనకు చాతకాదు. అయినా అడగాల్సింది అడిగాడు.

“తల్లీ, ఒక్క ముచ్చట. రెసిడెంట్ స్టాఫ్ వల్ల అని ల్యాబోళ్లు నీతోని చెప్పిన్రా?”

“నాతోని ఎందుకు చెప్తరు? వినయ్ సార్‌కు చెప్పిన్రంట. గాయినెనే దరఖాస్తు గూడ రాసిచ్చిండు. నేను సంతకం పెట్టిన.”

ఈదన్న మేజా మీదికి వంగి ఫిర్యాదు కాగితం చూశాడు. గుండ్రటి, ముచ్చటైన చేతిరాత, కింద నిన్న పొద్దున ఎనిమిదింబావు అని సమయం. మొగుడు చచ్చి నాలుగు గంటలు కూడా గడవని మనిషి రాత కాదది.

“సార్, ల్యాబోళ్లను అడిగిన్రా?”

“అవసరం లే” అన్నాడు రాజ్‌కుమార్.

అదే రాజ్‌కుమార్. పదకొండేళ్లలో పొట్ట పెరిగింది, పద్ధతి మారలేదు.

*

పదకొండు గంటల ఐదు నిమిషాలకు ఈదన్న నర్సింగ్ హోంలో ఉన్నాడు. మేనేజర్ వినయ్ ఆ డాక్టర్‌కు బామ్మర్ది. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

“ఈదన్నా! ఏం జమానాకు! మోకాలు ఎట్లుంది?”

“నడుస్తున్న. డ్రెస్సింగ్ రూము జర చూస్త.”

“చూడు, చూడు. దాచేటిది ఏమున్నది? పోలీసులు గూడ చూసి పోయిన్రు.”

పోలీసులు తలుపు దగ్గర నిలబడి చూసి పోయి ఉంటారు. ఈదన్న లోపలికి నడిచాడు. ఏ వస్తువునూ ముట్టుకోకుండా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఇనుప బల్ల, దూది డబ్బా, పళ్లెంలో ఒకే ఒక్క పట్టకారు. చేతులు కడిగే తొట్టి పైన సబ్బుపెట్టె ఉంది. సబ్బు లేదు. పెట్టె అడుగున ఎండిపోయిన తెల్ల చార కూడా లేదు, బూజుంది. అంటే సబ్బు అయిపోయింది నిన్నా మొన్నా కాదు.

కిటికీ ఊచలకు ఒక దారం కట్టి ఉంది. దారానికి బట్టల క్లిప్పులు. వాటికి ఐదు జతల రబ్బరు గ్లవ్సులు, లోపల పౌడరు చల్లి, వేళ్లు కిందికి వేలాడుతున్నాయి. పెళ్లిలో మామిడాకులు కట్టినట్టు.

“ఇవేంది?”

“ఉతికి ఆరేసినం.”

“ఒకసారి వాడి పారేసేటివి గావా ఇవి?”

“మంచిగనే ఉన్నయి గదన్నా” అన్నాడు వినయ్. “పేదోళ్ల దవాఖాన. హైదరాబాదు తీర్ల నడిపితే ఎవడొస్తడు?”

గోడకు కొట్టిన మేకుకు కట్ల రిజిస్టరు వేలాడుతోంది. ఎస్తేరు చేతిరాత. పోయిన నెల మూడు చోట్ల, తారీఖు పక్కన, ‘కొత్త గ్లవ్సులు లేవు, మేనేజర్‌కు చెప్పిన’ అని ఉంది. చివరి పేజీలో జగన్ పేరు. ఈదన్న తన ఫోన్లో ఆ పేజీలన్నీ, ఆరేసిన గ్లవ్సులనూ ఫొటో తీసుకున్నాడు. వినయ్ ముఖంలో నవ్వు కొద్దిగా సడలింది.

“ల్యాబు రిపోర్టు ఏది?”

“గిదో. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చింది, మనిషి పోయినంక. ఆలస్యమంత ల్యాబోళ్లదే.” వినయ్ సొరుగులోంచి కాగితం తీసి ధైర్యంగా చేతిలో పెట్టాడు. అంతా ఇంగ్లీషే. ఈ ముసలి హోంగార్డుకు ఏం అర్థమవుతుందన్న ధైర్యం.

ఈదన్నకు ఇంగ్లీషు అర్థం కాదు. అక్షరాలు మాత్రం వచ్చు. హోంగార్డుగా బండ్ల నంబర్లు రాసుకున్న రోజుల్లో పట్టుబడ్డ అక్షరాలవి. కాగితాన్ని వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివాడు. మొదట పేషెంటు పేరు. కింద పెద్ద అక్షరాల్లో ఒక మాట. ఎస్, టి, ఏ, పి, హెచ్. ఆ తర్వాత చుక్క, ఇంకో మాట.

తల ఎత్తాడు. ఎదురుగా లోపలి గది తలుపు మీద బోర్డు. ఎస్, టి, ఏ, ఎఫ్, ఎఫ్, ఓన్లీ. నర్సులు బట్టలు మార్చుకునే గది.

మళ్లీ కాగితం చూశాడు. మళ్లీ తలుపు చూశాడు.

ఫొటో స్టూడియో బోర్డుల్లో పి, హెచ్ కలిస్తే ‘ఫ’ అని ఆయనకు తెలుసు; నోటితో పలికితే రెండూ స్టాఫే. కాని తలుపు మీది దానికి చివర రెండు ఎఫ్‌లు ఉన్నాయి. కాగితం మీది దానికి లేవు.

ముఖం కదలనివ్వలేదు. కాగితంలో కిందికి దిగాడు. మందుల పేర్లు వరసగా, ఒక్కొక్కదాని ఎదురుగా ఒక్కొక్క అక్షరం. దాదాపు అన్నిటికీ ఆర్. అడుగున మూడింటికి ఎస్. పక్కనే జగన్ మంచం చార్టు ఉంది. బుధవారం నుంచి సోమవారం రాత్రి దాకా ఒకే సూది పేరు, ఒక్కసారీ మారలేదు. ఆ పేరును కాగితంలో వెతికాడు. దొరికింది. ఎదురుగా ఆర్.

కాగితం అడుగు అంచున చీమ తలకాయలంత అంకెలు. ఆదివారం తారీఖు. పదకొండు గంటల ఐదు నిమిషాలు. రిపోర్టునూ చార్టునూ కూడా ఫొటో తీశాడు.

“మంగళవారం వచ్చిందంటివి?”

“అచ్చు కొట్టింది ఆదివారం కావొచ్చు. మా చేతికి మంగళవారం” అన్నాడు వినయ్ తడుముకోకుండా. “అయినా నీకెందుకన్నా ఈ తిప్పలు? ఆ ఎస్తేరు ఏమన్న నీకు చుట్టమా?”

“కాదు. గందుకే చూస్తున్న. చుట్టమైతే నువ్వన్నదే నమ్ముదును.”

*

రెండు గంటలకు పది నిమిషాల ముందు ఈదన్న వనపర్తిలో ల్యాబు మెట్లెక్కాడు. ల్యాబు నడిపే డాక్టర్ సౌజన్యకు నలభై ఏళ్లుంటాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక గాజు పళ్లెం లోపలికి చూస్తోంది.

“మేడం, స్టాఫ్ అంటే ఎవరు?”

“ఎవరు కాదు, ఏంది అని అడగండి” అందామె. తర్వాత ఈదన్న ముఖం చూసి పళ్లెం పక్కన పెట్టింది. ఆయన ఫిర్యాదు సంగతి, రెసిడెంట్ స్టాఫ్ సంగతి, ఐదు గంటల గడువు సంగతి ఒక్క గుక్కలో చెప్పాడు.

ఆమెకు మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

“నేను చెప్పింది రెసిడెంట్ కాదు. రెసిస్టెంట్. మందులకు లొంగనిది అని. స్టాఫ్ అంటే మనుషులు కాదు, పురుగు. కంటికి కనబడదు. దాని అసలు పేరు మీ బారెడుంటది, మేము కురచ చేసి స్టాఫ్ అంటం. పదిమంది ఆరోగ్యవంతుల ముక్కులు చూస్తే ముగ్గురి ముక్కులల్ల ఊరికెనే ఉంటది. ఏమనదు. తోలు తెగిన చోట దొరికిందంటే లోపలికి పోతది. ఒకరి నుంచి ఒకరికి ఎక్కువ పోయేది చేతుల మీద. సబ్బుతో కడిగితే పోయే ముండ అది.”

“మరి మందులకు ఎందుకు లొంగదు?”

“ఐదు రోజులు మింగాల్సిన గోలీలు మూడు పూటలు మింగి, జరం తగ్గంగనె మిగిలినయి పక్కింటోళ్లకు ఇస్తరు. అక్కరలేని చోట గూడ సూది వేస్తరు. ప్రతిసారి మెత్తటి పురుగులు చస్తయి, మొండివి మిగులుతయి. ఆ మొండివాటి పిల్లలే ఇవి.”

“సగం సగం దెబ్బలు తిని రాటుదేలిన పాత దొంగ.”

“అనుకోండి. కాని ఈ దొంగకు గూడ లొంగే మందులు మూడున్నయి. రిపోర్టుల ఆర్ అంటే లొంగదు అని, ఎస్ అని రాసినయి లొంగే ఆ మూడు. ఆదివారం నుంచి ఇస్తే బతికేవాడే అని నేను ఒట్టు వెయ్య. బతికే దారి మాత్రం ఉండె.”

“ఆదివారం వాళ్లకు తెల్సా మేడం? మంగళవారం తెలిసిందంటున్రు.”

సౌజన్య బీరువాలోంచి ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చి తెరిచింది. ప్రాణం మీదికి వచ్చే ఫలితం ఏదైనా ఉంటే కాగితం పోయేదాకా ఆగరు, అప్పటికప్పుడే ఫోన్ చేస్తారు. చేసిన ప్రతి ఫోనూ అందులో రాస్తారు. ఆదివారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. పేషెంటు జగన్. ఫోన్ అందుకున్నవారు వినయ్, మేనేజర్. పక్క గడిలో ‘తిరిగి చదివి వినిపించారు’ అని ఉంది.

“ఈ ఫోన్ నాకు మంచిగ యాదికుంది” అందామె. “మీ పేషెంటుకు రెసిస్టెంట్ స్టాఫ్ పట్టింది అన్న. ఆయన నవ్విండు. ‘మా రెసిడెంట్ స్టాఫ్ ఏం చేసిన్రు మేడం? మా ఎస్తేరు మంచిదే గద’ అన్నడు. నేను గూడ నవ్విన, మా పిల్లలకు గూడ చెప్పిన ఆ ముచ్చట. తర్వాత అట్ల కాదు సార్, పురుగు పేరు అని విడమరిచి చెప్పిన. ఇప్పుడిస్తున్న సూది పనిచెయ్యదు, ఆపండి, మందు మార్చండి, లేకుంటే పెద్ద దవాఖానకు పంపండి అని ఒక్కొక్క అక్షరం రాయించి మళ్ల చదివించిన.”

ఈదన్న గోడకు ఆనుకున్నాడు. ఆదివారం వినయ్ నిజంగానే తప్పు విన్నాడు. ఆ తప్పును ఈమె సరిదిద్దింది. మనిషి చచ్చాక, సరిదిద్దిన తప్పునే బయటికి తీసి నర్సు మెడకు చుట్టాడు. ఆదివారం మందు మార్చాలంటే డాక్టర్ ఉండాలి. కర్నూలుకు పంపితే, డాక్టర్ లేకుండా రెండు రోజులు దవాఖాన నడిపారన్న సంగతి కాగితం మీదికి ఎక్కుతుంది. అందుకే డాక్టర్ వచ్చేదాకా నోరు మూసుకున్నాడు, వచ్చాక దాచిన సంగతి బయటపడుతుందని విప్పలేదు. ఒక్క మాట మీద ఇంత కట్టడం కట్టినవాడిని ఈదన్న తన ముప్పయ్యేళ్ల తిరుగుడులో చూడలేదు.

“ఈ రిజిస్టరు గద్వాల దాంక తీసుకపోనిస్తరా?”

“రిజిస్టరు బయటికి పోదు, నేను లేకుండ” అంది సౌజన్య, కారు తాళంచెవి అందుకుంటూ. లేచినదల్లా ఆగింది. “మీకు ఆ నర్సింగ్ హోం ఇంతకుముందు తెల్సా? ఎప్పుడన్న అక్కడ ఉన్నరా?”

“పద్నాలుగు నెలల కింద మోకాలి కింద గడ్డ కోసిన్రు. ఐదు వారాలు పడుకున్న. మానదు, చీము కారుడు ఆగదు. షుగర్ అన్నరు.”

“షుగర్ ఉన్నదా మీకు?”

“వాళ్ల దగ్గరనే ఉండె. తర్వాత ఏడ చూయించుకున్నా లేదన్నరు.”

“చీము ల్యాబుకు పంపిన్రా?”

“చీము గూడ పంపుతరని ఇయ్యాల ఎస్తేరు చెప్తేనే నాకు తెలిసింది.”

ఆమె కళ్లజోడు కిందికి దించుకుంది. సన్నటి దూది పుల్ల ఒకటి విప్పింది. “ముక్కు పైకెత్తండి.”

“నా ముక్కెందుకు మేడం? నాకు పడిశం గూడ లేదు!”

“ఎత్తండి. ఐదింటికి కోర్టుంది కద?”

*

నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలకు స్టేషన్ ముందు జీపు ఇంజను నడుస్తోంది. ఎస్తేరును ఎక్కించబోతున్నారు. ఆమె చెయ్యి పట్టిన మహిళా కానిస్టేబుల్‌కు అడ్డంగా ఈదన్న నిలబడ్డాడు.

“జరుగు!” రాజ్‌కుమార్ అరిచాడు. “నిన్ను గూడ ఎక్కిస్త!”

“ఎక్కించు సార్. కాని కోర్టుల జడ్జి గారు స్టాఫ్ స్పెల్లింగు అడిగితే ఏం చెప్తరో జర అనుకొని పోండ్రి. చివర రెండు ఎఫ్‌లున్నయా, పి హెచ్ ఉన్నదా?”

“ఏంది నీ లొల్లి?”

సౌజన్య రిజిస్టరును జీపు బానెట్ మీద పరిచింది. మూడు నిమిషాల్లో చెప్పేసింది. పురుగు, ఫోను, సమయం, తిరిగి చదివించిన సంగతి. ఈదన్న తన ఫోన్లోని ఫొటోలు పక్కన పెట్టాడు. ఆదివారం అచ్చయిన రిపోర్టు, మారని సూది చార్టు, ఆరేసిన గ్లవ్సులు.

రాజ్‌కుమార్ తలదించుకుని చదివాడు. చదివాక కూడా ఒప్పుకునే రకం కాదు.

“సరే, పురుగే అనుకుందాం. అది అంటించింది ఈమెనే గావొచ్చు కద? అంటే మళ్ల స్టాఫే!”

“కావొచ్చు” అంది సౌజన్య. “డాక్టరు కావొచ్చు, చుట్టాలు కావొచ్చు, జగన్ ముక్కులనే ముందునుంచి ఉండొచ్చు. మీ ముక్కుల ఉందో లేదో మీకు తెల్సా సార్? పురుగును మోసినందుకు ఎవరినీ జైలుకు పంపరు. ఉన్నదని తెలిసి నలభై ఒక్క గంటలు నోరు మూసుకున్నది మాత్రం ఒక్కడే.”

“నా ముక్కు తియ్యండి మేడం” అంది ఎస్తేరు. “ఇక్కడనే, అందరి ముంగట. ఉంటే ఉన్నదని రాయండి. నాకు భయం లేదు. డాక్టర్ ముక్కు, వినయ్ ముక్కు గూడ తియ్యండి.”

వెనక ఏదో కదిలింది. మంజుల. ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు.

“ఆదివారం పొద్దుగాల్నే తెల్సా?” అంది. గొంతులో ఏడుపు లేదు. “ఆదివారం మధ్యాన్నం ఆయన నాతోని మాట్లాడిండు. బార్డరు సగంల ఉన్నది, పోగులు ఎండకు పెట్టకు అన్నడు. గప్పుడు తెల్సా వానికి?”

కొంగు నడుముకు దోపుకుని రాజ్‌కుమార్ ముందుకు వచ్చింది.

“సారూ, నా సంతకం కొట్టెయ్యి. ఇంకో కాగితం ఇయ్యి. ఈసారి నా చేతితోని నేనే రాస్త.”

రాజ్‌కుమార్ గడియారం చూసుకున్నాడు. ఫోను తీసి ఎవరికో చేసి, రెండు మాటలు మాట్లాడి, పెట్టేశాడు. “వినయ్‌ను తీసుకరాండ్రి” అన్నాడు కానిస్టేబుల్‌తో. ఎస్తేరు వైపు చూడకుండా, “నువ్వు పోవొచ్చు” అన్నాడు.

“నేను పోను.”

“ఏందీ?”

“రెసిడెంట్ స్టాఫ్ అని రాసిన్రు కద, అది తప్పని రాయాలె. ఎవరు తప్పు చెప్పిన్రో రాయాలె. రాసి నాకు చదివి వినిపియ్యాలె. గప్పుడు పోత. నేను గూడ మందులకు లొంగేదాన్ని గాను సార్.”

సౌజన్య మొదట నవ్వింది. ఐదు గంటలకు ఎనిమిది నిమిషాల ముందు, గద్వాల స్టేషన్ ఎదుట, జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని, సి.ఐ. రాజ్‌కుమార్ ఒక తప్పును తప్పని రాశాడు. ఎస్తేరు రెండుసార్లు చదివించుకుంది.

*

రెండు రోజుల తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు ఈదన్న ఫోన్ మోగింది.

“ఎస్తేరు ముక్కుల ఏం లేదు” అంది సౌజన్య. “వినయ్ తీయనిచ్చిండు, లేదు. డాక్టర్ ఇంక రాలేదు.” కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. “మీ ముక్కుల ఉన్నది.”

“ఏది?”

“అదే. మందులకు లొంగనిదే. జగన్ దాంట్ల ఏ మందులకు ఆర్ వచ్చిందో, మీ దాంట్ల గూడ వాటికే. ఏ మూడింటికి ఎస్ వచ్చిందో, వాటికే. రెండూ ఒకటే అని గట్టిగ చెప్పాలంటే హైదరాబాదు పంపాలె. ఇయ్యాల పంపుతున్న. మీరు ఇంకెక్కడన్న అంటించుకొని ఉండొచ్చు, అది గూడ చెప్తున్న. భయపడకండి, ముక్కుల పూసే మందున్నది. ఇంట్ల ఎవరికన్న పుండ్లుంటే మాత్రం వెంటనే చూయించండి.”

“అంటే మేడం, నా కాలు మానకపోవుడు షుగర్ కాదా?”

“నాకు షుగర్ అనిపిస్తలేదు.”

ఈదన్న ఫోన్ పెట్టేశాడు. ఐదు వారాలు ఆ మంచం మీద పడుకున్నాడు. అప్పటికి ఎస్తేరు అక్కడ చేరలేదు; రోజూ చీము తుడిచి పారేశారు. ఒక్కసారి, ఒకే ఒక్క డబ్బీలో పెట్టి బస్సెక్కించి ఉంటే, ఆ పురుగు ఆ గదిలో కాపురం పెట్టిందని పద్నాలుగు నెలల కిందే తెలిసేది. గోడలు కడిగేవారు, సబ్బు పెట్టేవారు, గ్లవ్సులు పారేసేవారు. జగన్ ఈ పూట మగ్గం గుంటలో కూర్చుని ఉండేవాడు. ఈ కేసులో మొదటి సాక్షి కోసం రెండు రోజులుగా ఊరంతా తిరిగాడు. ఆ సాక్షి తన కాళ్ల మీదే తిరుగుతున్నాడు.

ట్రంకు పెట్టెలోంచి పాత డిశ్చార్జి కాగితం తీశాడు. సాయంత్రం నాలుగున్నరకు గద్వాల స్టేషన్లో దాన్ని రాజ్‌కుమార్ ముందు పెట్టాడు.

రాజ్‌కుమార్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. “ఇదెవరిది? ఇప్పుడు ఇంకో ఫిర్యాదా? ఎవరు ఇస్తున్రు?”

“నేనే.”

“నువ్వు విచారణ చేసేటోనివా, ఫిర్యాదు చేసేటోనివా?”

“నిన్నటి దాంక విచారణ. ఇయ్యాల్టి సంది ఫిర్యాదు. కలం తియ్యి.”

‘సార్’ అన్న మాట నోటి చివరదాకా వచ్చి రాలేదు. ఇద్దరికీ అది తెలిసింది. గదిలో ఉన్న కానిస్టేబుళ్లు ఫైళ్లలోకి తలలు దూర్చారు. కిటికీ బయట మంజుల తన చేత్తో రాసిన కొత్త ఫిర్యాదుతో నిలబడి ఉంది, పక్కనే ఎస్తేరు. మొన్నటి బల్ల మధ్య ఖాళీ ఇవాళ వాళ్ల మధ్య లేదు. రాజ్‌కుమార్ వాళ్లను చూశాడు, ఈదన్నను చూశాడు, కలం మూత తీశాడు.

పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. వయసు, ఊరు, మంచం మీద పడుకున్న రోజులు, చెప్పిన రోగం, లేని రోగం. ఒక్కొక్క మాటా ఈదన్న చెబుతుంటే, పదకొండేళ్ల కింద ‘తాగుబోతు’ అని రాసిన ఆ చెయ్యే గీత తప్పకుండా రాస్తూ పోయింది.

“నష్టం?” అన్నాడు రాజ్‌కుమార్ తల ఎత్తకుండా. “ఏం పోయింది నీకు?”

“ఐదు వారాల దవాఖాన. లేని షుగర్‌కు మందులు. అన్నిటికి కలిపి అమ్ముకున్న చెలక భూమి, మా నాయిన సంపాదించింది. గోపాల్‌పేట శివారు. రాసుకో రాజ్‌కుమార్. ఎకరా పన్నెండు గుంటలు.”